మూడు ఫోన్లకు ప్రీపెయిడ్ ప్లాన్లు: హనుమకొండలో రెండు, ఏటూరునాగారం దిక్కు ఒకటి

సుబేదారి కిరాయిదారు అడిగింది:

అన్నలూ, అక్కలూ, ఇంట్ల మూడు ఫోన్లు. మూడిటికీ 349 రూపాయల 28 రోజుల ప్లానే కొట్టిస్తున్నం. నెల తిరగకముందే 1,047 రూపాయలు పోతున్నయి.

నాది 5జీ ఫోన్, ఇంట్ల వైఫై ఉంది. బయటికి పోతే యూపీఐ, మ్యాపులు, వాట్సాప్, అంతే. తమ్మునిది 4జీ ఫోన్, కాలేజీ హాస్టల్. రోజూ మూడు గంటలు వీడియో క్లాసులు చూస్తడు, 2 జీబీ పొద్దుగూకకముందే ఖతం. బాపుది పాత కీప్యాడ్ ఫోన్, ఊరు ఏటూరునాగారం దాటి లోపలికి. మాట్లాడుడు, బ్యాంకు మెసేజీలు, అంతకుమించి ఏం లేదు. ఇంట్ల సిగ్నల్ రాదు, వాకిట్లకు రావాలె.

28 రోజులదా, 84దా, ఏడాదిదా? బాపు సిమ్ము వేరే కంపెనీకి మార్చాలంటే ఏది మంచిది, ఎట్ల మార్చాలె? ఇంకోటి, నా ఫోన్ల రెండో సిమ్ము పాత నంబరు, బ్యాంకుకు దాన్నే ఇచ్చిన. 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే రీఛార్జ్ లేకున్నా నడుస్తదని వాట్సాప్‌ల తిరుగుతున్నది, నిజమేనా?

"టవర్ కింద" అనే పేరుతో రాసేవారు చెప్పింది:

మూడిటికీ ఒకటే ప్లాను కొట్టడమే ఇక్కడ తప్పు. నంబరు బతికుండటానికి అయ్యే ఖర్చు వేరు, డేటాకు అయ్యే ఖర్చు వేరు. మీ బాపు ఫోన్‌లో డేటా తెరుచుకోనే తెరుచుకోదు, దానికీ రోజుకు 12 రూపాయల 46 పైసలు కడుతున్నారు.

ముందు ఆయన సంగతి. మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు ప్రతి కంపెనీ పెట్టాల్సిందేనని ట్రాయ్ (టెలికాం కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) 2024 డిసెంబర్ 23న నిబంధన తెచ్చింది. ఇలాంటి స్పెషల్ వోచర్ల (ప్రత్యేక ప్యాకుల) గడువు అంతకుముందు 90 రోజులు దాటకూడదు, అప్పుడే దాన్ని 365 రోజులకు పెంచింది. దాని ప్రకారం 2025 ఆరంభంలో వచ్చినవి: జియోలో 448కి 84 రోజులు, 1748కి 336 రోజులు, ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, 1849కి 365 రోజులు. అంటే రోజుకు 5 రూపాయల చిల్లర, ఇప్పుడు కట్టేదాంట్లో సగం కన్నా తక్కువ. ఇవి యాప్‌లో మొదటి పేజీలో కనబడవు, కిందికి పోయి వేరే ట్యాబ్ వెతకాలి. షాపులో అయితే "వాయిస్ ఓన్లీ" అని నోరు తెరిచి అడగాలి. షాపాయన కమీషన్ ప్లాను రేటును బట్టి ఉంటుంది కాబట్టి తనంతట తాను చెప్పడు, అందులో ఆయన తప్పేం లేదు.

కానీ కీప్యాడ్ ఫోన్‌కు జియో లెక్కలోకి రాదు. వాళ్లకు 2జీ, 3జీ లేవు, పాత 2జీ సెట్‌లో ఆ సిమ్ము వేస్తే నెట్‌వర్కే పట్టదు. జియో కావాలంటే వాళ్ల 4జీ కీప్యాడ్ సెట్ కొనాలి. జియోభారత్ సెట్‌కు 123 రూపాయల 28 రోజుల ప్లాను ఉంది, కానీ అది ఆ సెట్‌లోనే నడుస్తుంది. సెట్ మార్చకుండా అయితే ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్‌ఎల్, ఈ మూడే.

ఈ మూడింటిలో ఏదన్నది ఇక్కడ కూర్చొని ఎవరూ చెప్పలేరు, మీ వాకిట్లోనే తేలాలి. పక్కింటివాళ్లవీ చుట్టాలవీ ఒక్కో కంపెనీ సిమ్ము అడిగి తీసుకుని స్మార్ట్ ఫోన్‌లో వేసి కొలవండి. గీతలు చూడొద్దు, ఒక్కో ఫోన్ ఒక్కో లెక్కన గీతలు చూపిస్తుంది. సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్‌లోకి పోతే "సిగ్నల్ స్ట్రెంత్" దగ్గర మైనస్ గుర్తుతో ఒక అంకె, పక్కన డీబీఎం (సిగ్నల్ కొలత) అని ఉంటుంది. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత మేలు. అక్కడ కనబడకపోతే చాలా ఫోన్లలో *#*#4636#*#* కొడితే తెరుచుకునే పేజీలో ఉంటుంది. 4జీలో మైనస్ 95 లోపుంటే బాగున్నట్టు. మైనస్ 105 నుంచి 110 దాకా లాక్కొస్తుంది. మైనస్ 115 దాటితే మాట మధ్యలో తెగుతుంది.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. 4జీలో కొలిచి "సిగ్నల్ మస్తుంది" అని సిమ్ము తీసుకెళ్లి 2జీ సెట్‌లో వేస్తారు, అక్కడ చడీచప్పుడు ఉండదు. మీ బాపు సెట్‌కు ఏం వినబడుతుందో తెలియాలంటే స్మార్ట్ ఫోన్‌లో "ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్"ను 2జీ ఓన్లీకి మార్చి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు కొలవాలి. ఇంకోటి, 2జీ అంకెను 4జీ అంకెతో పోల్చొద్దు. రెండింటిలో కొలిచే పద్ధతే వేరు. 2జీలో మైనస్ 85 బాగున్నట్టు, మైనస్ 100 దాటితే కష్టం.

ఇంటి లోపల, వాకిట్లో, బాపు ఎప్పుడూ కూర్చునే చోట, మూడు జాగాల్లో కొలవండి. రేకుల ఇల్లయితే లోపలికీ బయటికీ 10, 15 తేడా రావడం మామూలే. పగలు ఒకసారి, రాత్రి 7 నుంచి 9 మధ్య ఇంకోసారి మాట్లాడి కూడా చూడండి. ఊరంతా ఫోన్ల మీద ఉండే టైమది, అంకె బాగానే ఉన్నా కాల్ కలవకపోవచ్చు. మేడారం జాతరప్పుడు కొలిచి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. ఆ వారం తాడ్వాయి చుట్టుపక్కల తాత్కాలిక టవర్లు పెడతారు, జాతర అయ్యాక ఎత్తేస్తారు.

అడవి ఊళ్లలో ప్రభుత్వ నిధితో కట్టిన టవర్లు కొన్ని ఉన్నాయి. 2025 జనవరి 17న కేంద్రం డిజిటల్ భారత్ నిధి టవర్ల మీద ఇంట్రా సర్కిల్ రోమింగ్ మొదలుపెట్టింది. అలాంటి టవర్ దగ్గర బీఎస్ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో వాళ్లు ఒకరి 4జీ ఇంకొకరు వాడుకోవచ్చు. అక్కడ స్మార్ట్ ఫోన్‌లో రోమింగ్ గుర్తు కనబడితే కంగారు పడొద్దు, డేటా రోమింగ్ ఆన్‌లో పెట్టండి, దేశం లోపల దానికి వేరే ఛార్జీ లేదు. ఇది 4జీ ముచ్చట, 2జీ సెట్‌కు దీంతో పనిలేదు.

బీఎస్ఎన్‌ఎల్ 4జీ 2025 సెప్టెంబర్ 27న దేశమంతా అధికారికంగా మొదలైంది. 700, 2100 మెగాహెర్ట్‌జ్‌ల మీద నడుస్తుంది. 700 దూరం పోతుంది, అడవికి అదే పనికొస్తుంది. స్మార్ట్ ఫోన్‌తో వాడాలనుకుంటే ఆ ఫోన్‌కు బ్యాండ్ 28 (700కు ఫోన్లలో ఉండే పేరు) ఉందో లేదో చూశాకే సిమ్ము తీసుకోండి. అది లేకుంటే పక్కనే టవర్ ఉన్నా 700 పట్టదు.

ఇక మీది. వైఫై ఉన్నవాళ్లకు రోజువారీ కోటా దండగ. 28 రోజులకు మొత్తం 2 జీబీ ఇచ్చే ప్లాన్లు, జియో 189, ఎయిర్‌టెల్ 199, మీకు సరిపోతాయి. రోజుకు 73 ఎంబీ పడుతుంది. యూపీఐకి, మెసేజీలకు, అప్పుడప్పుడు మ్యాప్‌కు చాలు. ప్లే స్టోర్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్, వాట్సాప్ వీడియోలు తమంతట తాము దిగడం, ఈ మూడూ "వైఫై ఓన్లీ" చేయకపోతే మాత్రం మొదటి వారంలోనే ఊడ్చుకుపోతుంది. వైఫై కాలింగ్ కూడా ఆన్ చేసుకోండి, దానికి వేరే డబ్బులు లేవు.

తమ్ముడిది ప్లాను సమస్య కాదు, వీడియో క్వాలిటీ సమస్య. 720లో గంటకు 1 జీబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. 480లో అర జీబీ చుట్టుపక్కల. "ఆటో"లో వదిలేస్తే సిగ్నల్ బాగున్నప్పుడు అదే పైకి పోతుంది. బోర్డు మీది అక్షరాలకు 480 చాలు. మూడు గంటలకు 1.5 జీబీ అవుతుంది, 2 జీబీలో ఇంకా మిగులుతుంది. కోటా అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ నత్తనడక స్పీడ్‌లో వాట్సాప్ అక్షరాలు పోతాయి గానీ యూపీఐ తిరిగి తిరిగి ఆగిపోతుంది, ఆ టైమ్‌లో డబ్బులు పంపొద్దు. ఒక్కరోజు డేటా ప్యాకు రాత్రి 11 గంటలకు కొట్టొద్దు, చాలావరకు 12 దాటగానే దాని గడువు అయిపోతుంది.

తమ్ముడికి అన్‌లిమిటెడ్ 5జీ అని ఎక్కువ పెట్టి తీసుకోకండి, అతనిది 4జీ ఫోన్. 5జీ ఫోన్ ఉన్నవాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సింది, గది లోపల ఫోన్ 4జీకి దిగితే ఆ వాడకం రోజు కోటాలోంచే పోతుంది.

రీఛార్జ్ కౌంటర్, పరకాల చెప్పింది:

పైన చెప్పింది కరెక్టే. సిమ్ము మార్చుడు గురించి నేను చెప్త, మీ బాపు కేసుల గడబిడ అయ్యేది గక్కడనే.

పోర్ట్ (నంబరు అదే ఉంచి కంపెనీ మార్చుడు) పెట్టే ముందు ఆ సిమ్ము ఎవరి పేరు మీద ఉన్నదో చూడున్రి. ఊళ్లల్ల సగం సిమ్ములు కొడుకు పేరు మీదనో, అల్లుని పేరు మీదనో ఉంటయి. పాత కంపెనీల ఎవరి పేరుందో వాళ్లే వచ్చి పోర్ట్ ఫారం కట్టాలె. బాపు ఆధార్ పట్టుకపోయి వేరేటోళ్ల పేరు మీదున్న నంబరు మారుస్తమంటే రిజెక్ట్ అయితది. సంచార్ సాథీ అనే సర్కారు వెబ్‌సైటుల మీ నంబరుతో లాగిన్ అయితే మీ పేరు మీదున్న నంబర్లన్నీ కనబడతయి. అండ్ల బాపు నంబరుంటే మీ పేరు మీద ఉన్నట్టు. ఆయన పేరు మీదికి మార్చాలంటే పాత కంపెనీలనే ఓనర్‌షిప్ మార్పు చేసి, ఆ తర్వాతనే పోర్ట్.

పేరు సరిగ్గ ఉంటే, ఆ సిమ్ము నుంచి పోర్ట్ అని ఇంగ్లిషుల పెద్దక్షరాలతోని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, పదంకెల నంబరు వేసి 1900కు మెసేజ్ పంపున్రి. 8 అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ వస్తది. కోడ్ 4 రోజులే పనిచేస్తది. రీఛార్జ్ అయిపోయినా ఈ ఒక్క మెసేజ్ ఆపొద్దని 2021 డిసెంబర్‌ల ట్రాయ్ కంపెనీలకు ఆర్డరిచ్చింది, మెసేజ్ పోతలేదంటే 198కి కంప్లైంట్ కొట్టి డాకెట్ నంబరు (కంప్లైంట్ నంబరు) రాసుకోన్రి. కీప్యాడ్ సెట్ల ఒక తిప్పలు, కోడ్‌ల సున్నానా, ఓ అక్షరమా తెల్వది. ఫోన్ చూసి కాయితం మీద రాసుకొచ్చుడు కన్న, సెట్టే షాపుకు పట్టుకరాన్రి.

కోడ్ రాదు, వచ్చినా రిజెక్ట్ అయితది, ఎప్పుడంటే: ఆ సిమ్ము తీసుకొనో, కిందటిసారి పోర్ట్ అయ్యో 90 రోజులు కాకుంటే. సిమ్ము పోయి డూప్లికేట్ తీసుకుంటే 7 రోజులు ఆగాలె, ఇది 2024 జూలై 1 నుంచి వచ్చిన రూలు. డూప్లికేట్ సిమ్ముల మొదటి 24 గంటలు మెసేజీలు రావు, పోవు, గది కూడా యాదికుంచుకోన్రి. బ్యాంకు ఓటీపీ పనేదన్న ఉంటే ముందే చేసుకోవాలె.

మన సర్కిల్‌లనే (టెలికాం లెక్కల ఒక ఏరియా) మారితే 3 పని రోజులు. ఆదివారం, పండుగ సెలవులు లెక్కల రావు. సద్దుల బతుకమ్మ ముంగట పెడితే దసరా దాటుతది. సోమవారం పెట్టున్రి. యాప్‌ల సర్కిల్ అడిగినప్పుడు "ఆంధ్రప్రదేశ్" అని కనబడితే పరేషాన్ కావొద్దు, టెలికాం లెక్కల తెలంగాణ, ఆంధ్ర ఇప్పటికీ ఒక్కటే సర్కిల్. హైదరాబాద్ల, విజయవాడల తీసుకున్న సిమ్ములకు కూడా ఈ 3 రోజులే.

పాత ప్లాన్ల మిగిలిన రోజులు, బ్యాలెన్స్ కొత్త కంపెనీకి రావు. అందుకే గడువు ఇంక వారం ఉందనంగ పెట్టాలె. పాత సిమ్ముల నెట్‌వర్క్ పోయేదాక దాన్నే సెట్ల ఉంచున్రి, పోయినంకనే కొత్తది వెయ్యాలె. నడుమల కొన్ని గంటలు ఏదీ నడవదు. టెలీ వెరిఫికేషన్ (ఫోన్ కొట్టి కొత్త సిమ్ము చాలు చేసుకునుడు) చెయ్యాలంటే ఏ నంబరుకు కొట్టాలెనో సిమ్ కవర్ మీదనే ఉంటది, కవర్ పారెయ్యొద్దు.

కోడ్ తీసుకోంగనే పాత కంపెనీ నుంచి ఫోన్లొస్తయి, తక్కువల ప్లాన్ ఇస్తమంటరు. ఇచ్చేది నిజమైతే మీ నంబరుకు యాప్‌ల ఆ ఆఫర్ కనబడాలె. నోటిమాటకు ఆగొద్దు. ఆగాలనుకుంటే పోర్ట్ ఫారం ఇచ్చిన 24 గంటల లోపట క్యాన్సిల్ అని కొట్టి నంబరుతోని 1900కే మెసేజ్ పెట్టాలె.

ఇంకో ముచ్చట. కొత్త సిమ్ముకు మొదటి రీఛార్జ్ అని షాపుల చెప్పే ప్లాను వేరే ఉంటది. గది ఒక్కసారే. రెండోసారి నుంచి ఎంత పడ్తదో ముందే అడుగున్రి.

గోదారి గట్టు చెప్పింది:

రెండే ముక్కలు.

బాపుకు కొత్త కంపెనీలో ఏడాది ప్యాకు మొదటిసారే కొట్టొద్దు. ఎయిర్‌టెల్ 469కి, 1849కి రోజు లెక్కన తేడా అర్ధ రూపాయి. వానాకాలంలో ఆ టవర్ ఎట్లా నిలబడుతుందో 84 రోజుల్లో తెలిసిపోతుంది. కరెంటు పోయాక టవర్ బ్యాటరీ మీద ఎంతసేపు ఉంటుందనేదే అడవి ఊళ్లలో అసలు పరీక్ష. ఇంట్లో రెండు కంపెనీల సిమ్ములు ఉంటే ఒకటి కాకపోతే ఒకటి అనుకుంటారు, కానీ చాలాచోట్ల ఇద్దరి యాంటెన్నాలూ ఒకే టవర్ మీద, ఒకే కరెంటు మీద ఉంటాయి. పోతే రెండూ ఒకేసారి పోతాయి. ఊరి మీద రెండు టవర్లుంటే, ఏ కంపెనీ ఏ టవర్ మీదుందో కనుక్కుని తీసుకోండి.

సరిహద్దు ఊరైతే, వాజేడు, వెంకటాపురం దిక్కు గానీ కాళేశ్వరం ఒడ్డున గానీ, ఫోన్ అవతలి రాష్ట్రం టవర్ పట్టుకోవచ్చు. ప్యాకులో నేషనల్ రోమింగ్ అని ఉంటే ఎక్కువ డబ్బులేం పడవు, కానీ దూరం టవర్‌నే పట్టుకుని వేలాడుతూ బ్యాటరీ తాగుతుంది. నెట్‌వర్క్ సెలెక్షన్ మాన్యువల్ చేసి మన సర్కిల్‌ది ఎంచుకుంటే సరి.

రెండోది 28 రోజుల లెక్క. ఏడాదికి 12 కాదు, 13 సార్లు కట్టాలి. అదే తేదీకి మళ్లీ వచ్చే నెల ప్లాన్ ఒకటి ప్రతి కంపెనీ పెట్టాలని 2022లోనే ట్రాయ్ చెప్పింది. జియోలో 1.5 జీబీ ప్లాను 28 రోజులకు 299, నెలకు 319. చూడటానికి 299 తక్కువ. ఏడాదికి 299 పదమూడు సార్లు 3,887, 319 పన్నెండు సార్లు 3,828. తమ్ముడికి సిగ్నల్ బాగుందని తేలితే 84 రోజులది ఇంకా మేలు. జియో 2 జీబీ 84 రోజులకు 859, అంటే రోజుకు 10 రూపాయల 23 పైసలు. పైగా ఒకే రేటుకు అన్ని కంపెనీల్లో ఒకే డేటా రాదు, 2024 జూలైలో 349కి జియోలో రోజుకు 2 జీబీ ఉంటే, ఎయిర్‌టెల్‌లో 1.5 ఉండేది. ఇవన్నీ 2024 జూలై 3న పెరిగినప్పటి రేట్లు, కొట్టేముందు కంపెనీ యాప్‌లో ఒకసారి చూసుకోండి. అక్కడే కడితే, పేమెంట్ యాప్‌లు పట్టుకునే రూపాయి, రెండు రూపాయల ఫీజు కూడా ఉండదు.

ఆ పెంపును జియో జూన్ 27నే ప్రకటించింది. ఆ ఆరు రోజుల్లో పాత రేటుకు ఇంకో రీఛార్జ్ కొట్టి క్యూలో పెట్టుకున్నవాళ్లకు పాత రేటే నడిచింది. ఇక ముందు పెంపు వార్త వచ్చినా ఇదే దారి. కానీ ముందే కొడితే క్యూలో పడుతుందా, ఉన్న ప్యాకును తీసేసి ఇప్పటి నుంచే మొదలవుతుందా అన్నది ప్యాకు షరతుల్లో చదివాకే నొక్కండి.

సుబేదారి కిరాయిదారు:

మస్తు సమజైంది, అందరికీ థాంక్స్. 2జీ ఓన్లీ పెట్టి కొలిచే సంగతి తెల్వనే తెల్వది. మరి ఆ 20 రూపాయల ముచ్చట?

టవర్ కింద:

అది కొత్తది కాదు, 2013 నాటి నిబంధన. 90 రోజులు ఒక సిమ్ము నుంచి కాల్ గానీ, మెసేజ్ గానీ, డేటా గానీ ఏదీ నడవకపోతేనే దాన్ని "వాడకం లేదు" అని మూసే అధికారం కంపెనీకి వస్తుంది. అప్పుడు బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే, అవి కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. అదీ అయ్యి మూసేస్తే, 15 రోజుల్లోపు పోయి అడిగితే తిరిగి ఇవ్వాలి. అంతవరకే. ఆ 20 రూపాయలతో కాల్స్ వస్తాయని గానీ, ఓటీపీలు వస్తాయని గానీ అందులో ఎక్కడా లేదు.

ప్యాకు గడువు అయిపోతే బయటికి పోయే కాల్స్ ఆ రోజే ఆగుతాయి. కొన్ని రోజులకు వచ్చేవి కూడా ఆగుతాయి, బ్యాంకు మెసేజీ కూడా వాటితోపాటే. యూపీఐకి ఇంకో చిక్కుంది. కొత్త ఫోన్‌లోనో, యాప్ తీసేసి మళ్లీ పెట్టినప్పుడో, ఆ సిమ్ము నుంచి ఒక మెసేజ్ బయటికి పోవాలి. ప్యాకు లేకపోతే అది పోదు, "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని తిరుగుతూనే ఉంటుంది. జనం బ్యాంకును తిడతారు గానీ లోపం ప్యాకుది.

కాబట్టి రెండు దారులు. ఆ నంబరు ఉంచుకోవాలంటే దానికీ వాయిస్ ప్యాకే, ఏడాదికి 1,800 చుట్టుపక్కల. వద్దనుకుంటే, అది పనిచేస్తున్నప్పుడే బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్ బుకింగ్‌లో ఇప్పటి నంబరు ఇచ్చి, నెల రోజులు దానికి ఏ మెసేజీలు వస్తున్నాయో గమనించాకే వదిలేయండి. మూసిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తాయి. మీ బ్యాంకు మెసేజీలు అప్పుడు వాళ్లకు పోతాయి.

రీఛార్జ్ కౌంటర్, పరకాల:

ఆఖరుకు చిన్న సంగతి. ఇప్పుడొచ్చే సిమ్ములు పెద్ద కార్డు మీదనే చిన్నది గీత గీసి ఉంటయి. బాపు పాత సెట్‌కు పెద్ద సైజే కావాలె, నానో సైజు దాక విరగ్గొట్టొద్దు. విరిగితే అడాప్టర్ల పెట్టి వెయ్యాలె, దాని వెనుక టేపు అంటించొద్దు, మందమై సెట్ల ఇరుక్కుంటది. సిమ్ము లేకుంట ఉత్త అడాప్టర్ మాత్రం ఎప్పుడూ లోపలికి తొయ్యొద్దు. తీసేటప్పుడు సెట్ల ఉన్న పిన్నులు దానికి తట్టుకొని పైకి లేస్తయి, ఆ తర్వాత ఏ కంపెనీ సిమ్ము వేసినా "ఇన్సర్ట్ సిమ్" అనే చూపిస్తది.